చెవికి ఆరు, అరికాలికి అయిదు

ఈ ప్రయాణానికి కారణం నా నోరు. తప్పు ఇంకెవరి మీదైనా తోయవచ్చునేమోనని చాలా ప్రయత్నించాను, వీలు పడలేదు.

నల్గొండలో బావులు తవ్వించే సర్కారు కచేరీలో నేను మొహరీరును. అంటే ఓవర్సీరు సాబు నోటితో చెప్పేది చేత్తో రాసేవాణ్ణి. ఆ ఎండాకాలం అమ్రాబాదు పక్కన ఒక పల్లెలో తవ్వుతున్న బావి నాలుగు నిలువుల లోతున బండ తగిలి ఆగిపోయింది. బండను మందు పెట్టి పేల్చడానికి పట్నం నుంచి మాకొక కొత్త మనిషిని పంపారు. పేరు నూర్ గుల్. కాబూలు రాజ్యంలో కందహారు దగ్గరి పల్లె ఆయనది. కొండ కింద సొరంగం తవ్వి, వరసగా బావులు దించి, ఊరికి నీళ్ళు తేవడం వాళ్ళ ఇంటి పని. ఇదంతా ఆయన వెంట వచ్చిన కాగితంలో ఉంది. ఆయన నోటి నుంచి మాత్రం మాకేమీ తెలియలేదు. ఆయనకు పష్తూ తప్ప మరో భాష రాదు. ఉర్దూలో ‘పానీ’, ‘అచ్ఛా’, ‘నై’ అని మూడు మాటలు వచ్చు. ఆ మూడింటితో సంసారాలు నడుపుకొచ్చిన వాళ్ళు మా బంధువుల్లో ఉన్నారు గానీ, మందుగుండు పని నడవదు.

“గీ ఖాన్‌తోని ఎట్ల మాట్లాడాలె? ఎవరికన్న పష్తూ వస్తదా?” అని ఓవర్సీరు సాబు అడిగాడు. అందరూ దస్తరాల్లోకి తలలు దించారు.

“నాకొస్తది సాబ్” అన్నాను. “చిన్నప్పటి సంది ఇంగువ తింటున్న.”

ఇంగువ అమ్మేవాళ్ళు కాబూలీలు గనక నవ్వుతారనుకున్నాను. ఓవర్సీరు సాబుకు హాస్యం చేరడానికి వారం పది రోజులు పడుతుందని మరిచిపోయాను. ఉత్తర్వు మాత్రం ఆయన అక్కడికక్కడే రాయించాడు, అదీ నా చేతనే. ‘తర్జుమా కొరకు నర్సింలు వెళ్ళవలెను. నూర్ గుల్ ఒక నెల పరీక్ష మీద ఉన్నాడు. ఈ బావి పని వారంలోపల తెగనిచో అతనిని తిరిగి పంపివేయవలెను.’ తర్జుమా అంటే మాట మార్చి చెప్పడం, నర్సింలు అంటే నేను.

మర్నాడు పొద్దున్నే నిజం ఒప్పుకుందామని వెళ్తే సాబు అప్పటికే పాలమూరు బయల్దేరాడు. మందు అక్కడి పోలీసుల దగ్గర తీసుకుని, పహరాతో నేరుగా అమ్రాబాదు వస్తాడట. నిజం చెప్పాలన్నా ఇక అమ్రాబాదు దాకా పోవాల్సిందే.

నల్గొండ నుంచి అమ్రాబాదుకు దేవరకొండ మీదుగా అడ్డదారి ఉంది. దారి మధ్యలో బస్సు ఉండదు. అందుకని పట్నం పోయి, రైలెక్కి, జడ్చర్లలో దిగి, మళ్ళీ వెనక్కి వచ్చినట్టుగా రావడమే మేలని అందరూ చెప్పారు. ముక్కును తల చుట్టూ చేయి తిప్పి పట్టుకోవడం అంటే ఏమిటో నాకు టికెట్టుతో సహా తెలిసింది.

ఆ మర్నాడు ఉదయం ఆరు గంటల బస్సు ఆరూ నలభైకి కదిలింది. ప్రపంచ లడాయి వల్ల పెట్రోలు దొరకదు, బస్సు బొగ్గు మీద నడుస్తుంది. వెనక ఒక పెద్ద కుంపటి, దాన్ని తిప్పడానికి ఒక మనిషి. ముందు వరసలో కూర్చున్నవాళ్ళు పట్నం చేరాక తెల్లగా దిగుతారు, వెనక వరసవాళ్ళు నల్లగా. మేం వెనక వరస.

నూర్ గుల్‌కు నలభై ఏళ్ళుంటాయి. మనిషి పొడుగు, గడ్డం పొట్టి. ఎక్కగానే చెప్పులు విప్పి మూటకు కట్టుకున్నాడు. పానగల్ దాటామో లేదో, ఆయన ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. కూర్చోమని సైగ చేశాను. ఆయన వినలేదు. పది బారలు పోయాక బస్సు దగ్గింది, ఆగింది. అందరం దిగి తోశాం. మళ్ళీ నార్కట్‌పల్లి దాటాక కూడా ఇదే వరస. ముందు ఆయన లేవడం, తర్వాత బస్సు ఆగడం. మూడోసారికి డ్రైవరు వెనక్కి తిరిగి, “ఖాన్ సాబ్, నువ్వు లేవకు! నువ్వు లేస్తెనే ఆగుతాంది!” అని మొత్తుకున్నాడు.

పక్కన గంపతో కూర్చున్న ముసలమ్మ ఒకామె ఆయన మూటను వేలితో పొడిచి చూసింది. “ఖాన్, ఇంగువ ఉన్నదా?”

“నై” అన్నాడు నూర్ గుల్.

“గిదేంది మరి, గింత గట్టిగున్నది?”

“సమ్మెట, అవ్వా” అన్నాను.

“సమ్మెట ఎవలు కొంటరు? ఇంగువ తెచ్చుకోరాదా!”

పట్నం చేరేలోపల ఇంకా ఇద్దరు ఇంగువ అడిగారు. నూర్ గుల్ ఒక్కొక్కరికీ గుండెల మీద చెయ్యి పెట్టి మర్యాదగా ‘నై’ చెప్పాడు. అన్ని మైళ్ళు ఒకటే మాట అంత శ్రద్ధగా పలికిన మనిషిని నేనింతకు ముందు చూడలేదు.

మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పట్నం. కాచిగూడ స్టేషను దగ్గరి సరాయిలో మంచానికి నాలుగణాలు. నల్లులకు వేరే కిరాయి లేదు. సాయంత్రం బజారులో కొత్త బూట్లు కొన్నాను. సర్కారు తర్జుమాదారు చెప్పులతో పోతే బాగుండదనిపించింది. నడుస్తుంటే కిర్రు కిర్రుమన్నాయి. నూర్ గుల్ వాటిని చూసి, తల ఊపి, ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలియదు. మెచ్చుకున్నాడని తర్జుమా చేసుకున్నాను.

మర్నాడు ఏడు గంటల బండి ఏడుంబావుకు. మూడో తరగతి. కిటికీ చెక్క మీద ఇంజను మసి పేరుకుని ఉంది. షాద్‌నగర్ దాటాక నూర్ గుల్ ఆ మసిలో వేలితో బొమ్మ గీశాడు. ఒక కొండ, కొండ నుంచి వరసగా ఆరు సున్నాలు. నా వైపు చూసి, ఆరింట్లో ఒక సున్నాను బొటనవేలితో తుడిచేశాడు. ఆ తర్వాత చాలాసేపు కిటికీ బయటికే చూశాడు.

ఎదురుగా కూర్చున్న పొగాకు వ్యాపారి, “ఏమంటుండు?” అని అడిగాడు.

తర్జుమాదారుకు తెలియదనే మాట ఉండకూడదు కదా. “ఆరు ఇండ్లున్నయట. ఒకటి అమ్ముకున్నడట” అన్నాను.

“పాపం” అన్నాడు వ్యాపారి. “అయిదున్నయి గద, ఫికర్ చేయొద్దని చెప్పు.”

నేను నూర్ గుల్ వైపు తిరిగి, “అయిదున్నయి, ఫికర్ చేయకు” అని తెలుగులోనే గంభీరంగా చెప్పాను. ఆయన ‘అచ్ఛా’ అన్నాడు. వ్యాపారి నా చదువుకు మెచ్చి ఒక అరటిపండు ఇచ్చాడు.

పదకొండింటికి జడ్చర్ల. అక్కడి నుంచి కల్వకుర్తి మీదుగా పోయే అచ్చంపేట బస్సు పన్నెండుకు కదిలి, అయిదింటికి చేరవేసింది. రాత్రికి అక్కడే తిండి: జొన్నరొట్టె, వెల్లుల్లి కారం, ఉల్లిగడ్డ, మనిషికి అణాన్నర. రొట్టెలు చేసే ఆమె నూర్ గుల్‌ను చూసి, చెప్పకుండానే ఇంకో రొట్టె వేసింది. ఆయన తిని, లేచి, ఆమె పొయ్యి దగ్గర కదిలిపోతున్న మూడో రాయిని సరిగా కూర్చోబెట్టి, మట్టితో మెత్తి వచ్చాడు. ఆమె ఆ రొట్టెకు పైసలు తీసుకోలేదు. నాకు మాత్రం లెక్క ప్రకారమే పడింది.

మూడోరోజు తెల్లవారి అయిదింటికి ఎద్దుబండి. మన్ననూరు ఘాటు ఎక్కేటప్పుడు బండివాడు పులుల సంగతి ఎత్తుకున్నాడు. ఆ మలుపులో ఒకరిని, ఈ మలుపులో ఇద్దరిని... “మొన్ననే గా బండ మీద కూసున్నది సారూ, నన్నే చూస్తాంది!” అన్నాడు. చదివేవారికి పులి కనిపిస్తే బాగుండునని నాకూ ఉంది. కనిపించలేదు. ఒక కుందేలు అడ్డం వచ్చింది, దానికీ తొందర పని ఉన్నట్టుంది. రెండు మూడు చోట్ల చెంచులు తేనె కుండలతో ఎదురయ్యారు. వాళ్ళు ఇంగువ అడగలేదు. సాయంత్రం నాలుగింటికి పల్లె చేరాం.

ఓవర్సీరు సాబు పటేలు ఇంటి అరుగు మీద దిగి ఉన్నాడు. నిజం చెబుదామని నోరు తెరిచాను. “భలే, తర్జుమాన్ సాబ్ వచ్చిండు!” అని ఆయన పటేలుకు పరిచయం చేశాడు. పటేలు కుర్చీ వేయించాడు. కుర్చీలో కూర్చున్నాక నిజం చెప్పడం కష్టం.

ఊరికి ఉన్నది ఒక్క పాత బావి. అది అడుగు కనిపించి నెల దాటింది. ఆడవాళ్ళు కోసెడు దూరం వాగులో చెలిమలు తోడుకుంటున్నారు. కొత్త బావి తవ్వుతున్నది మైసయ్య, ఆయన భార్య ఎల్లవ్వ. వాళ్ళది ఊరు అంటుకోని వెనక వాడ. ఆయన తవ్వితే ఆమె గంపతో మట్టి పైకి చేదేది. నాలుగు నిలువులు వాళ్ళిద్దరి రెక్కలే. ఇద్దరి కాళ్ళకూ చెప్పులు ఎన్నడూ లేవు. పటేలు ముందర వేసుకుని తిరగడం ఊళ్ళో కుదిరే పని కాదని తర్వాత తెలిసింది.

బండకు ఆరు రంధ్రాలు దించాలి. మూరెడు లోతు రంధ్రానికి ఒకడు ఉక్కు ఉలి నిలబెట్టి పట్టుకోవాలి, ఒకడు సమ్మెటతో కొట్టాలి. దెబ్బ దెబ్బకూ పట్టినవాడు ఉలిని కాస్త తిప్పాలి. మైసయ్య ఉలి పట్టబోయాడు.

“నువ్వు నీళ్ళు పొయ్యి” అన్నాడు సాబు. “ఖాన్ చెప్పేది నర్సింలుకే తెలుస్తది. నర్సింలే పట్టుకుంటడు ఉలి.”

ఆ విధంగా నేను, ఇంగువ తిన్న పాపానికి, నాలుగు నిలువుల గోతిలో ఉలి పట్టుకుని గొంతుకూర్చున్నాను. ఏడు శేర్ల సమ్మెట పైకి లేచింది. దాన్నే చూశాను. చూస్తే చేతులు వాటంతట అవే ఉలిని వదిలేశాయి. నూర్ గుల్ సమ్మెట దించి, నా గడ్డం పట్టుకుని, ముఖాన్ని మెల్లగా రంధ్రం వైపు తిప్పాడు. సమ్మెటను చూడొద్దు, రంధ్రాన్ని చూడు. ఇందులో తర్జుమా చేయడానికేమీ లేదు.

ఆయన లెక్కపెడుతూ కొడతాడు. “యవ్, ద్వా, ద్రే, సలోర్, పింజ...” అలా పది దాకా. పదో దెబ్బకు “లస్” అని ఆగుతాడు. అప్పుడు మైసయ్య నీళ్ళు పోసి, పుల్లకు చుట్టిన గుడ్డతో రాతిబురద తీస్తాడు. మళ్ళీ యవ్. మొదటి రంధ్రం పూర్తయ్యాక నూర్ గుల్ నా రెండు చేతులూ పట్టుకుని, ఒక్కో వేలూ ముట్టుకుంటూ లెక్కపెట్టాడు. ఒక చేతికి పింజ, రెండు చేతులకు లస్. పదీ ఉన్నాయని చూపించి, అరువు తెచ్చిన సామాను తిరిగి అప్పజెప్పినట్టు నా ఒళ్ళో పెట్టాడు. మైసయ్య పడీ పడీ నవ్వాడు. నూర్ గుల్ ముఖంలో మాత్రం నవ్వు లేదు. అప్పుడనుకున్నాను, ఈయనా నవ్వకుండా నవ్వించే మా జాతివాడే.

రెండు రోజులు ఇలాగే. నా బూట్లు రాతిబురదలో నాని, ఎండి, మడమలు కొరికాయి. అయినా విప్పలేదు. హోదా అన్నాక నొప్పి ఉంటుంది.

ఉత్తర్వు గడువుకు ఆఖరిదైన ఏడో రోజు పొద్దున ఎనిమిదింటికి మందు కూరారు. ఊరంతా దూరంగా చేరింది. ఆరు వత్తులూ ఒకటొకటిగా వెలిగించి నూర్ గుల్ మోకు పట్టుకుని పైకి వచ్చాడు. పరుగెత్తలేదు. మా దగ్గరికి నడిచొచ్చి, చెప్పులు విప్పి, నేల మీద పాదాలు ఆనించి, కళ్ళు మూసుకున్నాడు.

“గదెందుకు?” అని పటేలు అడిగాడు.

“వాళ్ళ దేశంల భూదేవికి గట్ల దండం పెడ్తరు” అన్నాను.

“పరాయి దేశపాయన గాని, ఎంత భక్తి!” అన్నాడు పటేలు. తన కిర్రు చెప్పులు మాత్రం విప్పలేదు.

మొదటిది పేలింది. రెండోది, మూడోది. చుట్టూ కొండలు. ప్రతి పేలుడూ కొండకు కొట్టుకుని తిరిగి వస్తోంది. మధ్యలో నేను, “మా పెండ్లిల గూడ ఇంత మోత లేకుండె” అని ఏదో అన్నాను. సాబు వేళ్ళు మడుస్తున్నాడు. మోత ఆగింది.

“ఆరు!” అన్నాడు సాబు.

“ఆరు” అన్నాడు పటేలు. నాకూ ఆరే. ఆరు పెట్టాం, ఆరు విన్నాం. దాంట్లో అనుమానమేముంది?

పొగ తగ్గగానే సాబు గడియారం చూసుకున్నాడు. “మైసయ్యా, దిగు. పొద్దుగూకె యాల్లకు రాయి పైకి రావాలె.” మైసయ్య వచ్చి మోకు పట్టుకున్నాడు.

నూర్ గుల్ ఆయన కన్నా ముందు వెళ్ళి, బావి ఒడ్డున మోకు మీదే కూర్చున్నాడు. అయిదు వేళ్ళూ చాపి చూపించాడు. “పింజ.”

“ఏమంటుండు?” అన్నాడు సాబు.

నల్గొండ నుంచి ఇక్కడిదాకా ఆయన ఏమన్నా నేను ఏదో ఒకటి కల్పించి చెప్పాను. ఇల్లు అమ్మించాను, భూదేవికి దండం పెట్టించాను. ఇప్పుడు మొదటిసారి ఆయన అన్నది నాకు నిజంగా అర్థమైంది.

“అయిదే పేలినయంటుండు సాబ్. ఒకటి లోపల మిగిలిందంట.”

“మనమందరం ఆరు విన్నం గద! లెమ్మను. వారం దాటితే ఉత్తర్వు సంగతి నీకెరుకే, రాసినోడివి నువ్వే. గాయనను పంపాల్సొస్తది. చెప్పు!”

చెప్పడానికి నా దగ్గర మాటలు లేవు. మోకును చూపించాను, గడియారాన్ని చూపించాను, పట్నం వైపు చేయి చూపించాను. నూర్ గుల్‌కు అంతా అర్థమైంది. కదల్లేదు. బావి ఒడ్డు మట్టిలో వేలితో వరసగా ఆరు సున్నాలు గీశాడు. ఒకదాన్ని బొటనవేలితో తుడిచాడు. ఆ చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఒక మాట అన్నాడు. ఆ మాట నాకు తెలియదు. కానీ రైలు కిటికీ మీద ఆయన గీసినవి ఇండ్లు కావని తెలిసింది. అవి బావులు. తుడిచిన బావిలో ఆయన మనిషెవరో మిగిలిపోయాడు.

“ఇంకేమంటుండు?” అన్నాడు సాబు.

“సాబ్” అన్నాను, “నాకు పష్తూ రాదు.”

ఊరంతా నన్నే చూసింది. “కచేరీల నవ్వులాటకు అన్న. నాకు వచ్చింది ఒకటి నుంచి పది దాక లెక్క, గంతే. గది గూడ ఇక్కడ ఉలి పట్టి నేర్చుకున్నదే. కాని ఈయన అన్నది మాత్రం అయిదు. అది పక్కా.”

సాబు నోరు తెరిచాడు. ఏం తిట్టాలో ఎంచుకోవడానికి ఆయనకు కొంచెం వ్యవధి పట్టింది. ఆ వ్యవధిలో నూర్ గుల్ నా బూటును వేలితో టక్కున కొట్టి, ‘నై’ అన్నాడు. తన అరికాలును నేల మీద తట్టాడు, ‘అచ్ఛా’ అన్నాడు. తర్వాత మైసయ్య పాదాలను చూపించి, ఆయన ముఖంలోకి చూశాడు.

నా బుర్రకు అప్పుడు చేరింది. సాబుకన్నా నేనేమీ చురుకు కాదు. కొండ తిరిగిచ్చే మోత చెవికి వస్తుంది. బండ పగిలిన దెబ్బ నేలలోంచి కాలికి వస్తుంది. ఆరు లెక్కపెట్టినవాళ్ళం అందరం బూట్లవాళ్ళం, చెప్పులవాళ్ళం.

“మైసయ్యా, నీకెన్ని?” అన్నాను.

మైసయ్య ముందు పటేలు వైపు చూశాడు. తర్వాత నేలను చూశాడు. “అయిదే తాకినయి, సారూ.”

“మరెందుకు దిగుతున్నవు?”

“దిగుమన్నరు గద.”

“నాకు గూడ అయిదే” అంది వెనక నుంచి ఎల్లవ్వ. గంప చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. “అడిగినోళ్ళేరి?”

“ఏందే, నోరు లేస్తాంది!” అన్నాడు పటేలు.

“లేవనియ్యి, పటేల్” అన్నాడు ఓవర్సీరు సాబు. ఆయన తన బూట్ల వైపు చూసుకుంటున్నాడు. కొంతసేపటికి గడియారం మూత మూసి జేబులో వేసుకున్నాడు. “రేపు” అన్నాడు.

మర్నాడు పొద్దున ముందురోజు కన్నా మూరెడు ఎక్కువ గంభీరంగా ఊరు మళ్ళీ చేరింది. నూర్ గుల్ ఒక్కడే రెండు కుండల నీళ్ళతో దిగాడు. మైసయ్య వెంట వస్తానంటే ఒప్పుకోలేదు. ఒడ్డున ఎల్లవ్వ మోకు పట్టుకుంది. ఎవరో ఏడవడానికి కూడా సిద్ధమయ్యారు. అరగంట తర్వాత ఆయన పైకి వచ్చి నా అరచేతిలో ఒక వస్తువు పెట్టాడు. బెత్తెడు వత్తి ముక్క, తడిసి, వానపాములా ఉంది. మూల రంధ్రంలో ఊట నీరు చేరి వత్తి ఆరిపోయింది. నీళ్ళు పోసి, మందంతా కడిగేసి వచ్చాడు. వీరగాథ కావాలనుకునేవారికి ఇంతకన్నా ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు. మైసయ్య మాత్రం ఆ ముక్కను అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఆయన గడ్డపార మొదట దిగేది ఎప్పుడూ ఆ మూలలోనేనట.

మధ్యాహ్నానికి పక్కన ఇంకో రంధ్రం దించి వెలిగించాం. ఈసారి ఓవర్సీరు సాబు బూట్లు విప్పాడు. నాడాలు విప్పడం, వత్తి కాలడం ఇంచుమించు ఒకేసారి అయ్యాయి. నేనూ విప్పాను. పేలుడు ముందు కాలిలోకి వచ్చింది, మోకాళ్ళ దాకా జరజరా పాకింది. ఆ తర్వాతే చెవిలో పడింది.

“ఒకటి” అన్నాం సాబు, మైసయ్య, నేను. “యవ్” అన్నాడు నూర్ గుల్. పటేలు ఇంటికి భోజనానికి పోయాడు.

రాళ్ళు చేదేసరికి సాయంత్రమైంది. నీళ్ళు చిమ్ముకుని రాలేదు. బండ పగుల్లోంచి మెల్లగా ఊరి, మడమ మునిగే దాకా నిలిచాయి. ఎర్రగా ఉన్నాయి. ఎల్లవ్వ కొంగుతో వడగట్టి తాగి, “చప్పగున్నయి. మంచియే” అంది. ఆ సాయంత్రం వరకు అవి ఎల్లవ్వ నీళ్ళు. ఒడ్డు కట్టాక ఎవరు ముందు చేదాలో, ఎవరు అసలు చేదవచ్చో సర్కారు కాగితంలో ఎక్కడా లేదు. రాసినవాణ్ణి నేనే గనక నాకు తెలుసు.

తిరుగు ప్రయాణానికి ఓవర్సీరు సాబు కూడా మాతోనే రైలెక్కాడు. జడ్చర్ల దాటాక రిపోర్టు చెప్పాడు, నేను ఒళ్ళో కాగితం పెట్టుకుని రాశాను. ‘పని ఎనిమిదో దినమునకు తెగినది. ఒక దినము ఆలస్యమునకు కారణము నూర్ గుల్. ఇతనిని ఖాయము చేయవలెను. తర్జుమాదారు నర్సింలుకు పష్తూ రాదు. పది వరకు లెక్క వచ్చును. పనికి అది చాలును.’ షాద్‌నగర్ దగ్గర సాబు ఉన్నట్టుండి భుజాలు కుదుపుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు.

“ఇంగువ తింటున్నవా!” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “చిన్నప్పటి సందా!”

కిటికీ మసిలో నూర్ గుల్ మళ్ళీ కొండ గీశాడు. ఈసారి వరసలో ఏడు జాగాలు. తుడిచిన సున్నా జాగాను ఖాళీగానే ఉంచి, అన్నిటికీ ఇవతల కొత్తది గీశాడు. ఆయన పోగొట్టుకున్నది అన్ననో, తమ్ముణ్ణో, కొడుకునో నాకు ఇప్పటికీ తెలియదు. అడగడానికి మాటలు లేవు, కల్పించడానికి మనసు రాలేదు. ఈలోగా ఏ స్టేషను వచ్చిందో చూడాలని పక్కాయన మోచేత్తో మసి అంతా తుడిచేశాడు.

ఈ దారిన పోదలచినవారికి నాకు తెలిసినవి ఇవి. కాచిగూడ సరాయిలో కిటికీ పక్క మంచం తీసుకోవద్దు, నల్లులన్నీ దాంట్లోనే. అచ్చంపేటలో రొట్టెలు చేసే ఆమె పొయ్యికి ఇక మరమ్మతు అక్కర్లేదు, పైసలు ఇచ్చే తినాలి. పులి కోసం ఎదురుచూడవద్దు. కొత్త బూట్లతో అసలే పోవద్దు. ఎక్కడైనా బావిలో మందు పేలుస్తుంటే చెప్పులు విప్పి నిలబడండి. లెక్క తేలకపోతే చెప్పులు లేనివాళ్ళను అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

పట్నం నుంచి నల్గొండకు మళ్ళీ బొగ్గు బస్సు, మళ్ళీ వెనక వరస. మడమలు పుండ్లు పడి ఉన్నందున బూట్లు రెండూ నాడాలతో కట్టి మెడలో వేసుకున్నాను. ఎదుటి వరసలో ఒకామె నూర్ గుల్‌ను చూసి, “ఖాన్, ఇంగువ ఉన్నదా?” అంది.

“లేదవ్వా” అన్నాడు నూర్ గుల్, శుభ్రమైన తెలుగులో.

ఆమె నోరు తెరిచి నా వైపు తిరిగింది. “ఖాన్‌కు తెలుగొస్తదా?”

“గంతే వస్తది, అవ్వా.”

“నీకు ఆయన మాట?”

“పది.”

“మరి గింత దూరం ఏం మాట్లాడుకుంట వచ్చిన్రు?”

అంతలో పానగల్ ఇవతల, కాళ్ళ కింద చెక్కలో ఏదో సన్నగా తడబడింది. నూర్ గుల్, నేను ఒకేసారి లేచి నిలబడ్డాం. బస్సు ఇంకా ఆగలేదు.